అడ్డంగా పరిగెత్తే కార్ల జాతర

అయిజలో తిక్క వీరేశ్వరస్వామి జాతర వచ్చిందంటే ఊరంతా ఓ మైదానం చుట్టూ చేరుతుంది. అక్కడ దేవుడి తర్వాత అంతటి మర్యాద గిత్తలకే. ఒంగోలు జాతివి. కొండల్లాంటి మూపురాలు, మెడలో గజ్జెలు, వెనకాల గొలుసుతో కట్టిన బండరాయి. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎంత దూరం లాగితే అంత ఘనత. పాలపళ్ల గిత్తలకు ఓ పోటీ, రెండు పళ్లవాటికి ఇంకోటి, నాలుగు పళ్లకు, ఆరు పళ్లకు, ఆపైన సీనియర్లకు వేరేవేరే పోటీలు. దుమ్ము లేస్తుంటే, ఈలలు మోగుతుంటే, లాగే గిత్తలకంటే చూసే జనానికే ఎక్కువ చెమటలు పడతాయి.

ఈ పందెపు గిత్తలు దుక్కి దున్నవు. బండి కట్టవు. ఉలవలు తింటాయి, నూనె మర్దనా చేయించుకుంటాయి, జాతర నుంచి జాతరకు లారీ ఎక్కి వెళ్తాయి. గెలిస్తే వచ్చే బహుమతి వాటి మేపు ఖర్చుకు చాలదు. మరెందుకీ యాతన అని అడిగితే కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నడిగడ్డలో ఏ రైతూ జవాబు చెప్పడు. అడిగినవాణ్ని ఎగాదిగా చూస్తాడంతే!

అచ్చం ఇలాంటి జాతరే జపాన్‌లోనూ ఒకటుంది. దాన్ని వాళ్లు ‘మత్సూరి’ అంటారు. ఆ మాటకు అర్థం కూడా జాతరే. కాకపోతే అక్కడ గిత్తల స్థానంలో కార్లుంటాయి. పాత నిస్సాన్ సిల్వియాలు, పాత టొయోటాలు. పొలం పనికి రాని గిత్తల్లాగే ఇవీ కూరగాయల మార్కెట్‌కు పనికిరావు. వెనక సీటుండదు, ఏసీ ఉండదు, చాలావాటికి బంపర్లు కూడా సరిగ్గా ఉండవు. అవి చేసే పనల్లా ఒకటే... మలుపులో అడ్డంగా జారుకుంటూ పోవడం! దాని పేరే డ్రిఫ్టింగ్.

రేగడిలో ట్రాలీ జారితే...

డ్రిఫ్టింగ్ అంటే ఏంటో తెలియాలంటే జపాన్ దాకా వెళ్లక్కర్లేదు. ముసురు పట్టిన రోజున నల్లరేగడి బాట మీద ట్రాక్టరు నడిపిన ఎవర్నడిగినా చెబుతారు. మలుపు దగ్గర వెనక చక్రాలు పట్టు తప్పుతాయి. బండి తోక బయటికి విసురుతుంది. కొత్త డ్రైవరు కంగారుపడి బ్రేకు తొక్కి కాలువలో పడతాడు. పాతకాపు మాత్రం తోక ఎటు పోతుంటే స్టీరింగును అటే తిప్పి, యాక్సిలేటరు తగ్గించీ తగ్గించకుండా పట్టుకుని, బండిని మళ్లీ దారికి తెస్తాడు. ఆ రెండు మూడు క్షణాల విద్యే డ్రిఫ్టింగ్. తేడా ఏంటంటే, మనవాళ్లు తప్పనిసరై చేసేదాన్ని జపాన్ కుర్రాళ్లు కావాలని చేస్తారు. ఆరిన తారు మీద, గంటకు నూరు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో, ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు తోకను అటూ ఇటూ విసురుతూ, ఒక్కసారి కూడా తిన్నగా నడపకుండా!

చూసేవాళ్లకు మొదట అర్థంకాని సంగతి ఒకటుంది. కారు ఎడమకు తిరుగుతుంటుంది, ముందు చక్రాలు మాత్రం కుడికి చూస్తుంటాయి. డ్రైవరు అద్దంలోంచి కాకుండా పక్క కిటికీలోంచి దారి చూస్తుంటాడు. వెనక టైర్ల నుంచి తెల్లటి పొగ మేఘంలా లేస్తుంది. ఆ మేఘంలోంచి రెండో కారు దూసుకొస్తుంది, మొదటిదాని తలుపుకు జానెడు దూరంలో, అదే వాలుతో. ఇద్దరిలో ఎవరు రెప్ప వేసినా రెండు కార్లూ తుక్కే.

సింహాల పక్కన సర్క్యూట్

టోక్యో నుంచి ఉత్తరంగా బుల్లెట్ రైలెక్కితే గంటా ఇరవై నిమిషాల్లో కోరియామా వస్తుంది. అక్కణ్నుంచి మామూలు పాసింజరు బండిలో మరో పాతిక నిమిషాలు పోతే నిహొన్‌మత్సు. ఫుకుషిమా రాష్ట్రంలో ఓ చిన్న పట్నం. వెనకాల అదతారా కొండ, దాని ఒళ్లో దాకె అనే వేడినీటి ఊటల ఊరు, పట్నంలో పాత కోట. పట్టాలకు రెండు వైపులా వరిమళ్లు. వాటిని చూస్తే ఇదే మోటారు పిచ్చోళ్ల కాశీ అని ఎవరూ అనుకోరు.

స్టేషన్ నుంచి కొండదారి పట్టి పైకి వెళ్తే ముందు తొహొకు సఫారీ పార్కు బోర్డు కనిపిస్తుంది. సింహాలు, ఏనుగులు ఉండే అసలు సిసలు జంతువుల పార్కు. దాన్ని ఆనుకునే ఎబిసు సర్క్యూట్. ఎబిసు అంటే జపానీయుల ఏడుగురు అదృష్ట దేవతల్లో ఒకరి పేరు. చేతిలో గాలం, చంకలో చేప, ముఖం నిండా నవ్వుతో ఉంటాడు. పార్కు, సర్క్యూట్ రెండూ ఒకే కుటుంబం చేతిలోవి. ఆ కుటుంబంలోని నొబుషిగె కుమకుబొ యజమానిగా గల్లాపెట్టె దగ్గర కూర్చునే రకం కాదు. 2006లో జపాన్ డ్రిఫ్ట్ ఛాంపియన్‌షిప్ గెలిచినవాడు. జాతర జరిపించే ఆసామే పందెంలో మొదటి బహుమతి పట్టుకెళ్లడం అన్నమాట!

చాలాచోట్ల రేసు ట్రాకంటే ఒకే ఒక్క చుట్టు. ఎబిసు అలా ఉండదు. కొండ వాలును మెట్లుమెట్లుగా చెక్కి అరడజనుకు పైగా ట్రాకులు వేశారు. ఒకటి నేర్చుకునేవాళ్లకు, ఒకటి పొడుగాటి మలుపులతో, ఒకటి కొండదారిని తలపించేలా సన్నగా. వీటన్నిట్లోకీ ప్రపంచమంతా చెప్పుకున్నది దక్షిణపు ట్రాకు. అక్కడ మిట్ట ఎక్కి దిగేచోట కారు అడ్డంగా ఉండగానే చక్రాలు నేల వదిలి గాల్లోకి లేచేవి. పక్కనే కాంక్రీటు గోడ. దాని మీద ఏళ్ల తరబడి పేరుకున్న రంగురంగుల గీతలు చూస్తే ఎన్ని కార్లు ముద్దు పెట్టుకుని పోయాయో లెక్క తెలిసేది.

వసంతంలో ఒకటి, వేసవిలో ఒకటి, శరత్తులో ఒకటి... ఏడాదికి మూడు మత్సూరిలు. ఆ రోజుల్లో ట్రాకులన్నీ ఒకేసారి తెరిచేస్తారు. రుసుము కట్టినవాళ్లు పగలూ రాత్రీ తిరగొచ్చు. ఆస్ట్రేలియా నుంచి, న్యూజిలాండ్ నుంచి, యూరప్ నుంచి, అమెరికా నుంచి కుర్రాళ్లు సెలవు పెట్టుకుని వస్తారు. కొందరు ఇక్కడే ఓ పాత కారు కొని పెట్టుకున్నారు, ఏడాదికోసారి వచ్చి తోలి పోవడానికి! లేనివాళ్లకు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. అద్దె కారును గోడకు తగిలిస్తే ఆ ఖర్చు తగిలించినవాడిదే.

జాతరలో ఎక్కడ చూసినా జాకీలు, స్పానర్లు, టైర్ల గుట్టలు. పగిలిన బంపర్లను ప్లాస్టిక్ ట్యాగులతో కుట్టేస్తుంటారు. ఆపరేషన్ కుట్లలా వరసగా కనిపించే ఆ కుట్లను డ్రిఫ్టర్లు సిగ్గుపడకుండా ప్రదర్శిస్తారు. కొత్త బంపరున్నవాడే కాస్త మొహమాటంగా నిలబడతాడు, ఇంకా బరిలోకి దిగలేదని అందరికీ తెలిసిపోతుందిగా!

ప్రేమికుల కారు పందెంకోడి అయింది

ఈ కథకు హీరో సిల్వియా. 1988లో ఈ కారు ఐదో తరాన్ని నిస్సాన్ విడుదల చేసినప్పుడు ఎవరూ దాన్ని పందేలకని తయారుచేయలేదు. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, సన్నటి దీపాలు. ఆ ఏడాది జపాన్‌లో మేటి కారు బహుమతి దానికే వచ్చింది. డబ్బులు పొంగిపొర్లుతున్న రోజులు. ఉద్యోగంలో చేరిన కుర్రాడు వాయిదాల మీద సిల్వియా కొని, స్నేహితురాల్ని సముద్రతీరానికి తీసుకెళ్లేవాడు. పత్రికలు దాన్ని ‘డేట్ కార్’ అన్నాయి.

ఆ తర్వాత బుడగ పేలింది. 1990ల మొదట్లో జపాన్ ఆర్థికవ్యవస్థ చతికిలబడింది. కొన్నవాళ్లు పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల కోసం వ్యాన్లకు మారారు. సిల్వియాలు సెకండ్‌హ్యాండ్ షెడ్లకు చేరి చవగ్గా దొరకడం మొదలెట్టాయి. పెట్రోలు బంకుల్లో, మెకానిక్ షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు వాటిని కొన్నారు. వాళ్లకు నచ్చిన గుణం ఒక్కటే, ఇంజను ముందుంటుంది, తోసేవి మాత్రం వెనక చక్రాలు. అప్పటికే చాలా కార్లు ముందు చక్రాల లాగుడుకు మారిపోయాయి. ముందు చక్రాలు లాగే కారు తోకను విసిరి ఆపకుండా జారలేదు. వెనక చక్రాలను ఇంజను గిరగిరా తిప్పితేనే ఆ పట్టు తప్పుతుంది, తప్పిన పట్టు అలాగే నిలుస్తుంది.

సిల్వియా తర్వాతి మోడలు 1993లో, చివరిది 1999లో వచ్చాయి. చివరిదాని పేరు ఎస్‌15. పొడవు 4,445 మిల్లీమీటర్లు, వెడల్పు 1,695. ఆ వెడల్పులో ఓ కిటుకుంది. జపాన్‌లో 1,700 దాటితే పెద్దకారు కింద లెక్క. రెండు లీటర్ల టర్బో ఇంజను, 250 గుర్రాల శక్తి, ఆరు గేర్లు, పన్నెండున్నర క్వింటాళ్ల లోపు బరువు. ఇది కంపెనీ ఇచ్చిన లెక్క. పందెంకోడిగా మారాలంటే షెడ్డులో చాలా జరగాలి.

ముందు లోపలున్నదంతా పీకేస్తారు. సీట్లు, కార్పెట్లు, తలుపుల అట్టలు, రేడియో అన్నీ బయటికి. ఖాళీ డబ్బాలో ఇనుప గొట్టాలతో పంజరం కడతారు, కారు బొర్లాపడ్డా డ్రైవరు నలిగిపోకుండా. ఒళ్లు కదలకుండా పట్టుకునే బకెట్ సీటు ఒకటి వేస్తారు. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు తీసేసి ఎత్తు, బిగువు సరిచేసుకోగలిగేవి పెడతారు. చేతిబ్రేకు తీగను తీసేసి ఆయిలుతో పనిచేసే పొడుగాటి లివర్ బిగిస్తారు. ఒక్క గుంజుకు వెనక చక్రాలు బిగుసుకుపోవాలి. ముందు చక్రాల దగ్గర స్టీరింగు చేతుల్ని మార్చి, చక్రం 60 డిగ్రీలకు పైగా తిరిగేలా చేస్తారు. మామూలు కారులో చక్రం అంత తిరిగితే ఏదో విరిగిందనుకుంటాం.

అన్నిటికంటే కీలకం డిఫరెన్షియల్. మలుపులో లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగాలి కాబట్టి ప్రతి వాహనానికీ ఈ ఏర్పాటుంటుంది. దాంతో చిక్కేంటో ట్రాక్టరున్న రైతుకు బాగా తెలుసు. ఒక చక్రం బురదలో పడితే శక్తంతా దానికే పోయి అదొక్కటే గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. అప్పుడు కాలికింద డిఫరెన్షియల్ లాక్ తొక్కుతారు. రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి బయటపడుతుంది. డ్రిఫ్ట్ కారుకు ఆ లాక్ ఎప్పుడూ పడే ఉండాలి. డబ్బున్నవాళ్లు అందుకోసం ప్రత్యేకమైన సరుకు కొంటారు. లేనివాళ్లు డిఫరెన్షియల్ విప్పి లోపలి పళ్లను వెల్డింగ్ చేసేస్తారు! జపాన్‌లో ఎన్నో ఛాంపియన్ జీవితాలు అలా ఓ వెల్డింగ్ కడ్డీతో మొదలైనవే.

ఇంజను సంగతి ఆఖర్న. మొదట్లో పెద్ద టర్బో, ముందు భాగంలో పెద్ద ఇంటర్‌కూలర్ పెట్టి 300, 400 గుర్రాల శక్తి తెచ్చుకుంటే గొప్ప. ఇప్పుడు పెద్ద పోటీల్లో దిగే కార్లలో టొయోటా సుప్రా నుంచి తీసిన మూడు లీటర్ల ఇంజను కూర్చోబెట్టి 800, 1000 గుర్రాల దాకా లాగుతున్నారు. నిస్సాన్ ఒంట్లో టొయోటా గుండె! రెండు కంపెనీల అభిమానులకూ కడుపుమంటే గానీ, పొగ మాత్రం దివ్యంగా వస్తుంది.

గురువు నడిపితే శిష్యుడు చూశాడు

ఈ విద్య పుట్టింది సర్క్యూట్‌లో, పెరిగింది కొండదారుల్లో. కునిమిత్సు తకహషి మొదట మోటారుసైకిల్ వీరుడు. 1961లో పశ్చిమ జర్మనీలో ప్రపంచ గ్రాండ్‌ప్రీ రేసు గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి జపానీయుడయ్యాడు. ఆ తర్వాత కార్లకు మారి, 1970ల్లో మలుపుల్లోకి అందరికంటే వేగంగా దూరి, కారును అడ్డంగా జార్చి, బయటికొచ్చేసరికి మళ్లీ తిన్నగా నిలబెట్టేవాడు. జనం ఆ పొగ చూడటానికే వచ్చేవారు.

అలా చూసినవాళ్లలో నగానో ప్రాంతపు కుర్రాడు కెయిచి త్సుచియా ఒకడు. 1956లో పుట్టాడు. డబ్బున్న ఇంటివాడు కాదు, రేసు జట్ల అండ లేదు. రాత్రుళ్లు కొండ కనుమల్లో తోలి నేర్చుకున్నాడు. ఈగలపెంట దాటాక శ్రీశైలం డ్యాము వైపు దిగే మలుపుల్ని ఊహించుకోండి. వాటిని ఇంకాస్త ఇరుకు చేసి, చలికాలపు మంచు జోడిస్తే జపాన్ కనుమ. అతని చేతిలోని కారు టొయోటా ఏఈ86. 1983 నుంచి 1987 దాకా వచ్చిన చిన్న కరోలా, 1600 సీసీ ఇంజను. బలం తక్కువ, బరువు ఇంకా తక్కువ, వెనక చక్రాల తోపుడు. 1987లో కనుమలో అతను చేసిన విన్యాసాల వీడియో బయటికొచ్చి దేశమంతా పాకింది. రేసింగ్ పెద్దలకు కోపమొచ్చి లైసెన్సు కొంతకాలం ఆపేశారు. కుర్రాళ్లు మాత్రం అతనికి ‘డ్రిఫ్ట్ కింగ్’ అని పట్టం కట్టారు.

గురుశిష్యుల కథకు చక్కటి ముక్తాయింపు 1995లో దొరికింది. ఫ్రాన్స్‌లో 24 గంటల లెమాన్స్ రేసులో ఒకే హోండా కారును పంచుకుని తకహషి, త్సుచియా, అకిరా ఈద తమ తరగతిలో గెలిచారు. అప్పటికి తకహషికి యాభై దాటి అయిదేళ్లు. ఆయన 2022లో కన్నుమూశారు.

అదే 1995లో షుయిచి షిగెనొ ‘ఇనీషియల్ డి’ అనే బొమ్మల కథ మొదలెట్టాడు. టోఫు దుకాణం నడిపే తండ్రి, తెల్లారకముందే పాత ఏఈ86లో కొండ మీది హోటళ్లకు టోఫు చేరవేసే కొడుకు. ఆ కొడుకు తనకు తెలియకుండానే మహా డ్రైవరవుతాడు. 2013 దాకా సాగిన ఆ కథలో అకినా కొండగా కనిపించేది నిజానికి గున్మా రాష్ట్రంలోని హరునా కొండ. ఇప్పుడక్కడికి తీర్థయాత్రలా వెళ్తున్నారు. తకసాకి నుంచి బస్సు పడితే పైన సరస్సు, ఆ పక్కన శంఖులాంటి శిఖరం, కింద మెట్లవీధితో ఇకహొ అనే వేడినీటి ఊరు. ఆ ఊరి బొమ్మలు, కార్ల మ్యూజియంలో కథలోని టోఫు దుకాణాన్నీ నిలబెట్టారు. మలుపుల్లో మాత్రం రోడ్డు మీద గరుకు గాడులు, ఎత్తుపట్టీలు వేసి ఉంటాయి. డ్రిఫ్ట్ చేయకుండా అధికారులు వేయించినవి. రాత్రిపూట జనం తిరిగే దారిలో అడ్డంగా తోలి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు, పోగొట్టినవాళ్లు ఉన్నారు మరి. కథల్లో ఆ సంగతి తక్కువ కనిపిస్తుంది.

ఆ కుర్రాళ్లను కనుమల నుంచి కిందికి దించినవి ఎబిసులాంటి చోట్లే. ‘ఆప్షన్’ పత్రిక నడిపిన దైజిరొ ఇనదా, త్సుచియా కలిసి 2000 సంవత్సరం అక్టోబరులో ఎబిసులో తొలి పెద్ద పోటీ పెట్టారు. మరుసటి ఏడాది నుంచి అదే డీ1 గ్రాండ్‌ప్రీ. 2001లో తొలి ఛాంపియన్ నొబుతెరు తనిగుచి. నడిపింది ఎస్‌15 సిల్వియానే. 2003లో డీ1 అమెరికా వెళ్లింది, 2004 నుంచి అమెరికావాళ్లు ఫార్ములా డ్రిఫ్ట్ పేరిట సొంత పోటీ పెట్టుకున్నారు. 2006లో హాలీవుడ్ ‘టోక్యో డ్రిఫ్ట్’ తీసింది. అందులో రేవు దగ్గర గాలం వేసుకుని కూర్చుని, హీరో డ్రైవింగు చూసి పెదవి విరిచే ముసలాయన త్సుచియానే! 2017లో ప్రపంచ మోటారు సమాఖ్య కూడా టోక్యోలోని ఒదైబాలో కప్పు పెట్టి ఆటను గుర్తించింది.

గడియారం చూడని పందెం

రేసంటే ఎవరు ముందొస్తే వాళ్లదే గెలుపు. డ్రిఫ్ట్‌లో అలా కాదు. న్యాయనిర్ణేతలు కూర్చుని చూస్తారు. కారు చెప్పిన గీత మీదే జారిందా, ఎంత వాలింది, ఎంత వేగంతో మలుపులోకి దూరింది, ఎంత అందంగా చేసింది... ఇవీ మార్కులు. భరతనాట్యం పోటీకి దగ్గర. తర్వాత ఇద్దరిద్దర్ని వదులుతారు. ముందువాడు తప్పు చేయకుండా గీత పట్టుకోవాలి, వెనకవాడు నీడలా అంటుకోవాలి. రెండోసారి స్థానాలు మారతాయి. బండలాగుడులో ఒక జత గిత్తలు అడుగులు కలిపితేనే బండ కదిలినట్టు, ఇక్కడ పోటీ పడుతున్న ఇద్దరూ అడుగులు కలిపితేనే ఆట రక్తి కడుతుంది. అందుకే పందెం అయ్యాక ఓడినవాడు దిగి గెలిచినవాడి తలుపు దగ్గరకెళ్లి చేయి కలుపుతాడు. కొట్టుకుపోయిన ఫెండరు అప్పటికి ఇంకా వేలాడుతూనే ఉంటుంది.

కొండ జారింది

2011 మార్చి 11. తూర్పు జపాన్‌ను భూకంపం, సునామీ ముంచేశాయి. ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం పేలింది. నిహొన్‌మత్సు ఆ కేంద్రానికి యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. తీరం దగ్గరి నమియె ఊరు మొత్తం ఖాళీ చేయాల్సి వస్తే, ఆ ఊరి పురపాలక కార్యాలయం ఏళ్ల తరబడి నిహొన్‌మత్సులోనే నడిచింది. ఇళ్లు, పొలాలు అలాగే ఉన్నాయి, వెళ్లడానికి లేదు. శ్రీశైలం ముంపులో ఊళ్లు వదిలిన ఆలంపురం సీమవాళ్లకు ఆ బాధ ఒకరు చెప్పక్కర్లేదు. ముంపు కనీసం కంటికి కనపడుతుంది. ఇక్కడి ముంపు గాలిలో ఉంది. ఫుకుషిమా అన్న పేరు వింటేనే జనం జడుసుకునే రోజుల్లో కూడా కుర్రాళ్లు ఎబిసుకు మళ్లీ వచ్చారు. టైర్లు మార్చుకున్నారు, తోలారు.

పదేళ్లకు, 2021 ఫిబ్రవరి 13 రాత్రి పదకొండు దాటాక మళ్లీ నేల కదిలింది. 7.3 తీవ్రత. ఈసారి దెబ్బ నేరుగా సర్క్యూట్‌కే తగిలింది. పైనున్న కొండచరియ విరిగి, చెట్లతో సహా డ్రిఫ్ట్ ట్రాకు మీదికి జారింది. తెల్లారాక ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో నల్లటి మలుపుల మీద ఎర్రమట్టి నాలుకలా పరుచుకుని ఉంది. రాత్రివేళ కావడంతో ప్రాణాలు పోలేదు. అదే మత్సూరి రోజు పట్టపగలైతే? ప్రపంచం నలుమూలల నుంచి అక్కడ తోలినవాళ్లు ఆ ఫొటోలు చూసి సొంతూరి గుడి కూలినట్టు విలవిల్లాడారు. మట్టి తీశారు, మిగిలిన ట్రాకుల మీద జాతర సాగింది.

కొండ జారినా మట్టి ఎత్తిపోయొచ్చు. ఇంకో కష్టం అంత తేలిగ్గా తీరేది కాదు. కాలుష్య నిబంధనలు బిగియడంతో 2002లో సిల్వియా తయారీ ఆగిపోయింది. మళ్లీ రాలేదు. ఏటా కొన్ని గోడలకు గుద్దుకుని పోతున్నాయి. మిగిలినవాటి మీద అమెరికా కన్ను పడింది. అక్కడ పాతికేళ్లు నిండిన విదేశీ కారును తేలిగ్గా దిగుమతి చేసుకోవచ్చు. ఎస్‌15కు ఆ పాతికేళ్లు 2024లో నిండాయి. ఒకప్పుడు మెకానిక్ కుర్రాడి రెండు నెలల జీతానికి దొరికిన జాతి కారుకు ఇప్పుడు కొత్తప్పటి ధరను మించి పలుకుతోంది. కొన్నవాళ్లు గ్యారేజీలో దుప్పటి కప్పి పెట్టుకుంటున్నారు. గోడకు గుద్దుకునే ధైర్యం ఎవరికుంటుంది? పందెపు గిత్తను అద్దాల బీరువాలో పెట్టి చూసుకున్నట్టే.

మన దగ్గర వెనక చక్రాలు

సిల్వియా మన దేశంలో ఎప్పుడూ అమ్మలేదు. తెచ్చుకుందామన్నా మూడేళ్లు దాటిన సెకండ్‌హ్యాండ్ కారును మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు. ఉన్న కారును మార్చుకుందామంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చి రోడ్డెక్కించడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. జపాన్ కుర్రాళ్లు చేసే మార్పుల్లో సగం ఇక్కడ చేస్తే కారు సర్క్యూట్‌లో తిరగాలే తప్ప రోడ్డు మీద కనిపించకూడదు. దగ్గర్లో సర్క్యూటేదీ అంటే చెన్నై శివారు ఇరుంగాట్టుకోటై, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుసేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. నిస్సాన్ జట్టు కార్లూ పరిగెత్తాయి, పొగ లేకుండా బ్యాటరీలతో. 2024లో జరగాల్సిన రెండోది రద్దయింది.

అయినా జపాన్ గుండె, వెనక చక్రాల తోపుడు కలిసిన కార్లు మన రోడ్ల మీద తిరగలేదని కాదు. 1985లో వచ్చిన ప్రీమియర్ 118ఎన్‌ఈ గుర్తుందా? ఫియట్ ఒంట్లో నిస్సాన్ ఇంజను! ఆ పేరులోని ‘ఎన్‌ఈ’ దాన్నే చెబుతుంది. సినిమాల్లో విలన్లు, బయట మంత్రులు తిరిగిన కాంటెస్సా క్లాసిక్‌లో ఇసుజు ఇంజను ఉండేది. వెనక చక్రాలే తోసేవి. దాని తయారీ కూడా సిల్వియా ఆగిన 2002లోనే ఆగింది. వాన పడిన రోజున కాంటెస్సా తోక విసిరితే ఒడుపుగా సరిచేసిన పాత డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు. తాము చేసిన పనికి దేశాలు దాటి కప్పులిస్తారని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

వెళ్లాలనుకుంటే...

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, సింగపూర్ లాంటి చోట్ల విమానం మారి టోక్యో చేరుకోవాలి. జపాన్‌లో మనలాగే ఎడమవైపు నడుపుతారు, మనదేశపు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ చెల్లుతుంది. కాబట్టి కారు అద్దెకు తీసుకోవడం సుఖం. సర్క్యూట్‌కు స్టేషన్ నుంచి బస్సుల్ని నమ్ముకోవడం కష్టం. స్వయంగా జారే ధైర్యం లేనివాళ్లు డ్రైవరు పక్కన కూర్చుని ఓ చుట్టు తిరిగి రావచ్చు. అక్టోబరు మొదట్లో వెళ్తే ఇంకో లాభం. నిహొన్‌మత్సులో లాంతర్ల జాతర అప్పుడే. మూడు శతాబ్దాలకు పైబడిన ఆనవాయితీ. ఏడు రథాలు, ఒక్కో రథానికి సుమారు 300 కాగితపు లాంతర్లు, ఒక్కో లాంతరులో నిజమైన కొవ్వొత్తి. చీకటి పడ్డాక రథాలు కొండ ఎక్కుతూ మలుపు తిరిగేటప్పుడు తాళ్లు పట్టినవాళ్లు ఒక్కసారిగా కేక వేసి బరువంతా ఒక పక్కకు వేస్తారు. వెనక చక్రాలు రోడ్డు మీద కిర్రుమంటూ అడ్డంగా జారతాయి, పైన కొవ్వొత్తులన్నీ ఒక్కసారి అటు వంగి మళ్లీ నిలబడతాయి.